గొళ్ళెం ఎత్తు

టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. వడ్రంగి మేస్త్రి ఒక్కడే సైకిలు మీద వచ్చాడు. మేడం వరండా మెట్టు మీద నిలబడి అటూ ఇటూ చూసి, "పొడుగాయా, నువ్వు పట్టుకో. నీకిప్పుడు పిల్లల పని లేదుగా," అంది.

ఆ మాటలో కోపమేమీ లేదు. బియ్యంలో రాళ్ళున్నాయి అన్నంత మామూలుగా అంది. పొడుగాయమ్మ చీపురు గోడకానించి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని మెట్లు దిగింది.

ఆ పసిపిల్లల సెంటర్లో ఆయాలు ఇద్దరు. ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు. పెద్ద కోడలు వంటగది గుమ్మం దాటాలంటే తల వంచాలి. చిన్న కోడలు పై అరలోంచి పాలడబ్బా తియ్యాలంటే పీట వేసుకోవాలి. అందుకని ఒకరు పొడుగాయా, ఒకరు పొట్టాయా అయ్యారు. సొంత పేర్లు జీతాల రోజున సంతకం పెట్టేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తురావు. పిల్లలకు మాత్రం ఇద్దరూ ఆయమ్మలే.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు సెంటరు ముందు గోడ పడగొట్టారు. మళ్ళీ కట్టిస్తానని మేడం అప్పుడే అంది. కట్టించేదాకా ఉంటుందని రంగురంగుల జెండాలు గుచ్చిన ప్లాస్టిక్ తాడు ఒకటి అడ్డంగా కట్టించింది. ఎండకు జెండాలు వెలిసి అన్నీ ఒకే రంగయ్యాయి, తాడు మాత్రం అలాగే ఉంది. కిందటి వారం, అందరూ తూనీగ అని పిలుచుకునే రెండున్నరేళ్ళ పిల్ల ఆ తాడు కిందనుంచి దూరి రోడ్డెక్కింది. స్కూటరు తగిలి భుజం ఎముక విరిగింది. ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పేవరకూ పొడుగాయమ్మ ఆస్పత్రి వరండాలో నిలబడే ఉంది. ఆ మాట విన్నాక అక్కడే నేలమీద కూర్చుంది.

మర్నాడు మేడం పిలిచి, నెలాఖరు వరకూ తుడవడం, కడగడం చూసుకోమనీ, పిల్లల్ని ముట్టుకోవద్దనీ చెప్పింది. "తల్లిదండ్రులు నా నెత్తిన కూర్చున్నారు. నేనేం చెయ్యను చెప్పు. ముందు కంచె పని అవనీ. వాళ్ళ కోపం చల్లారనీ. తర్వాత చూద్దాం."

ఆ 'తర్వాత చూద్దాం' అనే మాటని పొడుగాయమ్మ కొంగున ముడివేసుకుని తిరుగుతోంది.

మేస్త్రి ఎడమ గోడ మొదట్లో ఒక మేకు దిగ్గొట్టి పురికొస కట్టాడు. చెవి మీద పెన్సిలు, చేతిలో కాగితం బదులు జానెడు చెక్కముక్క. లెక్కలన్నీ దానిమీదే. "పని అయ్యాక చిత్రిక పట్టేస్తే లెక్కా పోతుంది, గొడవా పోతుంది," అన్నాడు.

ఎడమ గోడ నుంచి నడిచే దారిదాకా ఇరవై అడుగులు. దారి నాలుగు. అక్కణ్ణుంచి కుడి గోడ వరకూ ముప్పై. పొడుగాయమ్మ టేపు కొసను వేలితో నేలకు అదిమిపెట్టి కూర్చుంటే, మేస్త్రి రెండో వైపు లాగి చదివాడు.

"కంచె యాభై. అయిదడుగులకో గుంజ. పది గుంజలు," అని రాసుకుని, వెంటనే నాలిక్కరుచుకుని కొట్టేశాడు. "చూశారా, ఇన్నేళ్ళొచ్చినా అదే తప్పు. ఇటు అయిదు, అటు ఏడు. పన్నెండు. మా గురువు దీనికి నెత్తిమీద మొట్టేవాడు. చెయ్యి చూసుకోరా వెధవా, సందులు నాలుగే, వేళ్ళు అయిదు అనేవాడు."

పొడుగాయమ్మకు నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్ళయిందో, దవడలు పట్టేసినట్టనిపించింది.

"గుంజల మీద రెండు వరసలు అడ్డకర్రలు," అని మేస్త్రి చెప్పుకుంటూ పోయాడు. "పదడుగుల కర్ర రెండు సందులు దాటుతుంది. వరసకు అయిదు, మొత్తం పది. ఇక నిలువు బద్దలు. మూడంగుళాల బద్ద, మూడంగుళాల ఖాళీ. అడుక్కి రెండు. కంచెకు వంద, గేటుకు ఎనిమిది. పగిలేవీ ముడులు పడేవీ ఒక డజను పైన వేసుకోవాలి. గుంజలకు అడుగున తారు పుయ్యాలి, లేకపోతే చెదలు వాటి సెంటరు పెట్టుకుంటాయి."

వరండాలోంచి వింటున్న మేడం దగ్గరకొచ్చింది. "నూట ఎనిమిదెందుకండీ. అంత దగ్గరదగ్గరగా కొడితే జైలులా ఉంటుంది. గాలీ వెలుతురూ రావాలి కదా పిల్లలకి. ఖాళీ అయిదంగుళాలు పెట్టండి."

మేస్త్రి చెక్క తిప్పి రాశాడు. "కంచెకు డెబ్బై అయిదు. గేటుకు ఆరు. పాతిక పైగా తగ్గుతాయి."

"అదీ."

"తల దూరుతుందమ్మా," అంది పొడుగాయమ్మ.

మేడం ఆమెవైపు చూడలేదు. "దూరేంత చిన్న తలకాయలు ఎవరికున్నాయి. రేపు ఒక నమూనా బిగించి చూపించండి మేస్త్రీ," అని లోపలికి వెళ్ళింది.

టేపు చుట్టుకుంటూ మేస్త్రి గొంతు తగ్గించి అడిగాడు. "పద్దెనిమిది మందిట కదా పిల్లలు. ఆ రోజు మీరొక్కరేనా?"

పొడుగాయమ్మ పురికొస మీద పాకుతున్న చీమను ఊదింది. ఆ రోజు పొట్టాయా సెలవని మేడం అందరికీ చెప్పింది. సెలవు కాదు. వెనక వీధిలో ఉన్న మేడం ఇంటికి పరదాలు ఉతకడానికి వెళ్ళింది. వారంలో రెండు మూడుసార్లు అలాంటి పనేదో ఒకటి తగులుతూనే ఉంటుంది. ఒక పిల్లవాడు లాగులో దొడ్డికి చేసుకుంటే పొడుగాయమ్మ వాణ్ణి బాత్రూములో కడుగుతోంది. వాడి రెండో కాలు కడిగేలోపల రోడ్డుమీద బ్రేకు చప్పుడు వినిపించింది.

"ఒక్కదాన్నే," అంది. అంతకుమించి చెప్పలేదు. మేడమే తన తరఫున అందరికీ చెబుతుందని ఆమెకింకా ఒక మూల ఆశ ఉంది.

*

మర్నాడు మేస్త్రి రెండు అడ్డకర్రల మీద నాలుగు బద్దలు కొట్టి తెచ్చి, మెట్ల పక్కన గోడకు చేరేసి నిలబెట్టాడు. ఖాళీ అయిదంగుళాలు. బద్దల కొసలు తామరమొగ్గలా కోసి ఉన్నాయి. మేడం దూరంగా నిలబడి చూసి, ముచ్చటగా ఉందంది.

పాలు తాగి పిల్లలు బయటికొచ్చారు. పొట్టాయమ్మ ఒక చేత్తో ఒకణ్ణి, ఇంకో చేత్తో ఇద్దర్ని పట్టుకుని, మిగతా వాళ్ళను గొంతుతో పట్టుకుని నడిపిస్తోంది. గుమ్మడి అని పిలిచే బొద్దు పిల్లవాడు ఆ గొంతుకు అందకుండా తప్పించుకుని తిన్నగా నమూనా దగ్గరికి పోయాడు. రెండు బద్దలు రెండు చేతులతో పట్టుకున్నాడు. అవతల గోడ తప్ప ఏమీ లేదు. అయినా తల పెట్టాడు. తల దూరింది. వెనక్కి లాగితే చెవులు అడ్డొచ్చాయి.

వాడి ఏడుపుకు మిగతా వాళ్ళూ అందుకున్నారు. పొట్టాయమ్మ వాడి నడుం పట్టుకుని లాగింది. ఎంత లాగితే అంత బిగుసుకుంది. "మేస్త్రీ, కొయ్యండి, బద్ద కొయ్యండి," అంటోంది మేడం. మేస్త్రి రంపం కోసం సైకిలు దగ్గరికి పరిగెత్తాడు.

పొడుగాయమ్మ చేతిలో గుడ్డ పారేసి వచ్చి వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఏరా గుమ్మడీ, పక్కనెవరో చూడు," అని వాడి గడ్డం పక్కకు తిప్పింది. ఒక చెవి మడిచి అరచేత్తో అదిమింది. తల ఏటవాలుగా జారి బయటికి వచ్చేసింది. వాడు ఎక్కిళ్ళు పెడుతూ ఆమె మెడ చుట్టూ చేతులు వేశాడు. వాడి వీపు నిమురుతూ ఆమె కళ్ళు మూసుకుంది. పాల వాసన, చెమట వాసన, సబ్బు వాసన.

"సరే, మూడంగుళాలే పెట్టండి మేస్త్రీ," అంది మేడం. తర్వాత పొడుగాయమ్మతో, "నిన్ను పిల్లల్ని ముట్టుకోవద్దన్నానా లేదా," అంది.

పొట్టాయమ్మ వచ్చి గుమ్మడిని ఆమె మెడ నుంచి విడదీసి తీసుకుంది. తీసుకునేటప్పుడు తోడికోడలి కళ్ళలోకి చూడలేదు. పిల్లవాడి ముక్కు తుడవడంలో మునిగిపోయింది.

అయినా ఆ రోజంతా పొడుగాయమ్మకు హుషారుగానే గడిచింది. అడ్డకర్రలు లోపలివైపు ఉంటే పిల్లలు వాటిమీద కాలు పెట్టి ఎక్కుతారని మేస్త్రితో అంది. రోడ్డువైపుంటే కంచె అందం పోతుందని మేస్త్రి గొణిగాడు. "లోపలుంటే అది కంచె కాదు, నిచ్చెన," అంది. మేస్త్రి వెళ్ళి మేడంను అడిగి వచ్చి, "ఆవిడ కూడా అదే అనుకుంటున్నారట," అని కన్నుగీటాడు. కుడి చివర నేల పల్లంగా ఉండి వానకు కోసుకుపోతుందని అక్కడి గుంజలకు ఇంకో జానెడు లోతు కలిపించింది. మేస్త్రి చెక్కముక్క రెండువైపులా నిండిపోతే ఇంకో ముక్క తెచ్చుకున్నాడు.

చివరికి గేటు దగ్గరికొచ్చారు.

"గొళ్ళెం రోడ్డువైపే పెట్టాలి," అన్నాడు మేస్త్రి. "లోపలినుంచి పెద్దవాళ్ళు పైనుంచి చెయ్యి వంచి తియ్యాలి. వెనక పలక కొడతాను, సందులోంచి పిల్లల చెయ్యి దూరదు. పైనుంచీ అందకూడదంటే ఎంత కిందికుంటే అంత మంచిది. గేటు దగ్గర ఎవరుంటారు?"

"నేనే," అంది పొడుగాయమ్మ. ఎప్పుడూ ఆమే కదా. పొద్దున పిల్లల్ని అందుకునేదీ, సాయంత్రం అప్పగించేదీ ఆమే. పొట్టాయమ్మది లోపలి పని.

అన్నాక గతుక్కుమంది. మేడం అక్కడే కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటోంది. తలెత్తలేదు. కాదనలేదు. మౌనం అర్ధాంగీకారమంటారు. మిగతా సగం పొడుగాయమ్మ తనే కలుపుకుంది.

మేస్త్రి నాలుగడుగుల ఎత్తున ఒక కర్ర అడ్డంగా పట్టుకున్నాడు. ఆమె దాని మీదుగా చెయ్యి వంచింది. వేళ్ళు ఎక్కడిదాకా అందాయో చూసి, అక్కడ పెన్సిలుతో గీత గీశాడు.

*

మూడోనాటికి గుంజలు నిలబడ్డాయి. గేటు దారిమీద వెల్లకిలా పడుకుని ఉంది. పొడుగాయమ్మ వాకిలి ఊడుస్తూ దాని దగ్గరికొచ్చి ఆగింది. చూడగానే తేడా తెలిసింది. బద్దల పైకొసలు కొత్తగా కోసినట్టు తెల్లగా ఉన్నాయి. గొళ్ళెం పై అడ్డకర్రకు బెత్తెడు దూరంలో ఉంది.

"ఇదేంటి మేస్త్రీ, గీత ఇంకా కింద కదా పెట్టారు."

"నిన్న సాయంత్రం మేడం ఫోను చేశారు. అరడుగు గేటు కోసేసి, గొళ్ళెం పైకి తెచ్చాను. ఆ కిందికి పొట్టావిడ చెయ్యి అందదట." మేస్త్రి నోట్లో మేకులు పెట్టుకుని, వాటి పక్కనుంచే మాట్లాడుతున్నాడు. "పెద్దాయాగా ఆవిణ్ణే వేశారటగా. ఒకటో తారీఖు నుంచి. ఆవిడ కింద ఇంకో అమ్మాయి వస్తుందట. మీకు తెలియదా?"

పొడుగాయమ్మ చీపురు పుల్లలు అరచేతిలో తట్టి సమం చేసింది. సమంగానే ఉన్నాయి. మళ్ళీ తట్టింది.

మేస్త్రికి తన నోటినుంచి ఏం జారిందో అప్పటికి తెలిసింది. మేకులు చేతిలోకి ఉమ్మేశాడు. "నేనేదో పనివాణ్ణమ్మా. చెప్పింది కొడతాను," అన్నాడు. మరలు ఏరుకుంటూ, "కాస్త ఈ గేటు పట్టుకుంటారా, బందులు బిగించాలి," అని అడిగాడు.

ఆమె పట్టుకుంది. మేస్త్రి మరలు తిప్పుతున్నంతసేపూ గేటు బరువు ఆమె మణికట్టు మీద ఉంది. అది తగ్గించిన గేటు కనుక తేలిగ్గా ఉండాలి. ఉండలేదు.

సాయంత్రం ఇంట్లో మగవాళ్ళింకా రాలేదు. పొట్టాయమ్మ నేలమీద కూర్చుని కత్తిపీట మీద వంకాయలు తరుగుతోంది. పొడుగాయమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టింది. ఆ ఇంట్లో పొయ్యి ఒక్కటే. పెళ్ళయి వచ్చిన కొత్తలో చిన్న కోడలు వేరు పొయ్యి పెడదామంటే, నలుగురికి రెండు పొయ్యిలెందుకే, నవ్వుతారు అని తనే సర్దిచెప్పింది. తర్వాత సెంటర్లో పనికి పెట్టించిందీ తనే.

"గొళ్ళెం పైకి జరిపారు," అంది.

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "ఎందుకూ?"

"నీకు అందాలని."

ముక్కలు నీళ్ళలో వేసిన చప్పుడు. ఒకటి, తర్వాత ఇంకొకటి. "నేనడగలేదక్కా. ఆవిడే పిలిచి అన్నారు."

"ఎప్పుడు?"

"తూనీగ ఆస్పత్రిలో ఉండగానే."

అంటే తను ఆస్పత్రి వరండాలో నిలబడి ఉన్నప్పుడే. పొడుగాయమ్మ మంట తగ్గించింది. తగ్గించనవసరం లేదు, ఎసరింకా కాగలేదు. మళ్ళీ పెంచింది.

"సెలవులో ఉన్నానని చెప్పమందా?"

"నేను చెప్పలేదు. ఆవిడ చెప్పారు. నేను కాదనలేదు. అంతే."

"అంతే."

"అలా అనకక్కా." పొట్టాయమ్మ కత్తిపీట పక్కకు తోసింది. "నేను ఒప్పుకోకపోతే బయటిదాన్ని తెస్తారు. అప్పుడీ ఇంట్లో ఇద్దరం గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. నీది ఎలాగూ పోయింది. నాదీ పోగొట్టుకుంటే నీది తిరిగొస్తుందా? పోనీ నువ్వు చెప్పు. నా చోట నువ్వుంటే ఏం చేసేదానివి?"

పొడుగాయమ్మ నిజంగానే ఆలోచించింది. మేడం ముందు నిలబడి తను ఎప్పుడు ఏం కాదన్నదని.

"నీకు చెప్పేదాన్ని," అంది చివరికి.

"చెప్పి?"

"చెప్పి నీ పక్కన కూర్చుని ఏడ్చేదాన్ని. అంతకన్నా ఏమీ చేసేదాన్ని కాదేమో. కానీ చెప్పేదాన్ని."

"ఎలా చెప్పను," అంది చిన్నామె. "టేపు పట్టుకుని అంత సంబరంగా తిరుగుతుంటివి. ఇక్కడ గుంజ లోతుండాలి, అక్కడ కర్ర అటుండాలి అని. చూస్తూ చూస్తూ ఎలా చెప్పను."

ఎసరు పొంగింది. ఇద్దరూ ఒకేసారి మూతకు చెయ్యి చాచారు. పెద్దామె చెయ్యి వెనక్కి తీసుకుంది.

*

నాలుగోనాడు తల్లిదండ్రుల మీటింగు. అందరికంటే ముందు తూనీగ తల్లి వచ్చింది. పిల్ల ఎడమ చెయ్యి గుడ్డతో మెడకు కట్టి ఉంది. తల్లి చెయ్యి విడిపించుకుని తూనీగ పొడుగాయమ్మ మోకాళ్ళను ఒంటి చేత్తో వాటేసుకుంది. పొడుగాయమ్మ ముట్టుకోలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. తల్లి చూసింది.

"ఎత్తుకోండి, పర్వాలేదు," అంది.

ఆస్పత్రిలో నలుగురి ముందూ 'నీకు పిల్లలుంటే తెలిసేది' అని అరిచిన గొంతు అదే. పొడుగాయమ్మ పిల్లను, దెబ్బ తగలని వైపు నుంచి, ఎత్తుకుంది.

"అమ్మా, ఒక మాట చెప్పాలి. ఆ రోజు మా తోడికోడలు సెలవు కాదు. మేడం ఇంటికి పరదాలు ఉతకడానికి పంపించారు. పద్దెనిమిది మందికీ నేనొక్కదాన్నే ఉన్నాను."

ఇన్నాళ్ళూ దాచుకున్న మాట అంత సులువుగా వచ్చేసరికి ఆమెకే వింతగా అనిపించింది.

తూనీగ తల్లి చేతిసంచీ జిప్పు వేసింది, తీసింది. "తెలుసు," అంది.

"తెలుసా?"

"ఆ రోజు కబురందుకుని నేను ఆటోలో వస్తుంటే, మీ తోడికోడలు మేడం గారి డాబా మీద పరదాలు ఆరేస్తూ కనిపించింది. అప్పుడేమీ తోచలేదు. రెండ్రోజుల తర్వాత తోచింది."

"మరి తోచాక?"

"తోచాక ఏం చెయ్యను? ఈ చుట్టుపక్కల ఇంకో సెంటరుందా? ఎనిమిదింటికల్లా నేను పనిలో ఉండాలి. మేడంతో తగువు పెట్టుకుంటే దీన్ని ఎక్కడ వదిలిపెట్టను?" ఆమె పిల్ల జుట్టు సవరించింది. చెయ్యి పొడుగాయమ్మ భుజానికి తగిలితే తీసేసుకుంది. "మిమ్మల్ని ఒకటి అడుగుదామనే పెందరాళే వచ్చాను. రాత్రిళ్ళు ఇది మిమ్మల్నే కలవరిస్తోంది. సాయంత్రాలు మా ఇంటికొచ్చి చూసుకుంటారా? ఇక్కడ మాత్రం ఎవరికీ తెలియనివ్వకండి."

పొడుగాయమ్మ పిల్ల వేళ్ళను తన కొంగుతో తుడిచింది. "నన్ను నమ్ముతున్నారా అమ్మా?"

"నమ్మకపోతే అడుగుతానా?"

"అయితే ఆ మాట ఇవాళ మీటింగులో అనండి. మేడం గురించి ఒక్క ముక్క అనక్కర్లేదు. పొడుగాయమ్మంటే నాకు నమ్మకమే అనండి, చాలు. రేపట్నుంచే వస్తాను."

ఆవిడ కంచె గుంజల వైపు చూసింది. "చూస్తాను," అంది.

మీటింగు పిల్లల గదిలో. పెద్ద కుర్చీలు నాలుగే ఉంటే మిగతా వాళ్ళు పిల్లల కుర్చీల్లోనే సర్దుకున్నారు. మోకాళ్ళు గడ్డాలకు తగులుతున్నా పెద్దమనుషుల్లా కూర్చున్నారు. పొడుగాయమ్మ మంచినీళ్ళ గ్లాసుల పళ్ళెంతో గోడవార నిలబడింది. పిల్లలు పక్క గదిలో నిద్రపోతున్నారు. పొట్టాయమ్మ వాళ్ళ దగ్గరుంది.

మేడం నమూనా బద్దలు చూపించి చెప్పింది. "ఖాళీ మూడంగుళాలే పెట్టించాను. ఏ పిల్లవాడి తలా దూరదు. అడ్డకర్రలు రోడ్డువైపు పెట్టించాను. అందం తగ్గినా పర్వాలేదు, ఎక్కడానికి వీలుండకూడదని. నాలుగు రోజులుగా నాకిదే ధ్యాస. జరగకూడనిది జరిగింది. బాధ్యురాలైన మనిషి నెలాఖరుకు వెళ్ళిపోతోంది. మీలో ఎవరికైనా ఏమన్నా చెప్పాలనుంటే చెప్పండి."

బయట మేస్త్రి సుత్తి ఒక్కటే మాట్లాడింది. తూనీగ తల్లి పిల్ల చేతికట్టు ముడి విప్పి మళ్ళీ వేస్తోంది. వేసి తలెత్తింది. పొడుగాయమ్మ పళ్ళేన్ని పొట్టకు ఆనించుకుంది.

"రంగేం వేస్తున్నారు?" అని అడిగాడు వెనక కూర్చున్న ఒక తండ్రి.

"తెలుపు అనుకుంటున్నానండీ."

"తెలుపైతే రోడ్డు దుమ్ముకు వారానికే మాసిపోతుంది. ఆకుపచ్చ వెయ్యండి."

"ఆకుపచ్చ పార్కులా ఉంటుంది," అందింకొకావిడ.

"లేత నీలం బావుంటుందేమో," అంది తూనీగ తల్లి. "మురికి అంతగా కనపడదు."

లేత నీలం మీద చర్చ జరిగింది. కొసలకు మాత్రం తెలుపు వేద్దామని ఒకరన్నారు. పొడుగాయమ్మ నీళ్ళ పళ్ళెం కిటికీలో పెట్టింది. తన సంచీ, చెప్పులు, మధ్యాహ్నం తినని డబ్బా తీసుకుంది. నెలాఖరుకింకా రోజులున్నాయి. ఆ రోజుల సంగతి ఆమెకిక అక్కర్లేకపోయింది.

వరండాలో చెప్పులేసుకుంటూ ఉండగానే మీటింగు ముగిసింది. తూనీగ తల్లి పిల్లను ఎత్తుకుని పక్కనుంచి వెళుతూ, "రేపు సాయంత్రం ఆరింటికి," అంది మెల్లిగా.

"రానమ్మా," అంది పొడుగాయమ్మ.

ఆవిడ ఏదో అనబోయింది. వెనక ఎవరో వస్తున్న అలికిడికి దిగి వెళ్ళిపోయింది. తల్లి భుజం మీదుగా చూస్తూ తూనీగ బాగున్న చెయ్యి ఊపింది.

పిల్లల్ని సాయంత్రం దాకా వదిలి తల్లిదండ్రులందరూ వెళ్ళాక ఆకాశం ముసురుకుంది. మేస్త్రి బద్దలన్నీ ఒక చోట చేర్చి పట్టా కప్పుతున్నాడు. పొడుగాయమ్మ గేటు దాటేసరికి, ఆఫీసు గదిలోంచి మేడం గొంతు వినిపించింది. "పొట్టాయా, ఇంటికెళ్ళి డాబా మీద బట్టలు తీసి రా. వానొచ్చేలా ఉంది."

పిల్లలు పడుకున్న గది గుమ్మంలోకి పొట్టాయమ్మ వచ్చింది. వెనక అప్పుడే లేచిన ఇద్దరు ముగ్గురు ఏడుపు మొదలుపెట్టారు. ఆమె ఆఫీసు వైపు చూసింది, పిల్లల వైపు చూసింది. తర్వాత పరుగులాంటి నడకతో గేటు దాకా వచ్చింది.

"అక్కా, ఒక్క పది నిమిషాలుండు. ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాను."

పొడుగాయమ్మ గేటుకు అవతల ఉంది. తోడికోడలి ముఖంలో రాత్రి ఏడ్చిన జాడ ఇంకా పోలేదు. ఎన్నిసార్లు ఈ పది నిమిషాలకు తను తలూపిందో లెక్కలేదు.

"ఉండను," అంది.

"పిల్లల్ని చూసైనా."

"పిల్లల్ని చూసే. నేనుంటే నువ్వెళతావు."

అని నడిచింది. వెనక్కి తిరగకూడదనుకుంది. తిరగలేదు. మేడం గొంతు మళ్ళీ వినిపించింది, ఈసారి వరండాలోంచి. "ఏమే, చెప్పేది నీకే. తడిసిపోతాయి."

పిల్లల ఏడుపు పెరిగింది. దాని మీదుగా పొట్టాయమ్మ గొంతు, "నేను వెళ్ళనండీ. ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను," అంది.

"ఏమిటీ?"

"వెళ్ళనండీ."

పొడుగాయమ్మ కాళ్ళు ఆగాయి. అంత చిన్న మాట. దానికి నోరు తిరగడానికి ఒక పిల్ల భుజం విరగాలా, ఒక మనిషి పని పోవాలా. ఆ మాట తన నోట కూడా రాలేదన్న సంగతి కుట్టింది. చెల్లెలి వరస మనిషి అంది కదా అని సంతోషపడబోయింది. సంతోషం రాలేదు. కోపం మాత్రం ఉంది, అది ఇప్పుడు ఎటు తిరగాలో ఆమెకు తెలియలేదు.

చినుకులు మొదలయ్యాయి. వెనకనుంచి చెప్పుల టకటక దగ్గరయింది. మేడం కొంగు తలమీదికి లాక్కుని, తన ఇంటి బట్టల కోసం తనే పరిగెత్తినట్టు నడుస్తూ వస్తోంది. రోడ్డు పక్కన కాలిబాట ఒక మనిషికి సరిపడేంతే ఉంది. ఇంతకు ముందైతే ఆ అడుగుల చప్పుడు వినగానే పొడుగాయమ్మ ఒంటిని గోడకు అంటించుకుని దారిచ్చేది.

ఇవాళ బాట మధ్యలోనే నడిచింది. వేగం పెంచలేదు, తగ్గించలేదు. వెనక చెప్పుల చప్పుడు ఒక్క క్షణం తడబడి, బురదలోకి దిగి, ఆమెను దాటి ముందుకెళ్ళింది.